వెబ్‌సైటు దుకాణములు – గోప్యతా పత్రము

వెబ్‌సైటు అనునది పెద్ద పట్టణములలోని పెద్ద కంపెనీలకు మాత్రమే పరిమితమై యున్న కాలము గడచినది. నేడు మండల కేంద్రములందు సైతము ఒక గదిలో, రెండు కంప్యూటర్లతో, ఇద్దరు ముగ్గురు యువకులు వెబ్‌సైటులు తయారుచేసి యిచ్చు దుకాణములను నడుపుకొనుచున్నారు. బడికి ఒకటి, ఆసుపత్రికి ఒకటి, కల్యాణ మండపమునకు ఒకటి, పెండ్లి సంబంధములు చూచువారికి ఒకటి – ఇట్లు ఊరిలోని ప్రతి వ్యాపారమును తన ముఖద్వారమును ఇంటర్నెట్టులో నిలుపుకొనుచున్నది. ఆ ముఖద్వారమునకు అడుగున, కంటికి కనబడీ కనబడని చిన్న అక్షరములలో, ‘ప్రైవసీ పాలసీ’ అను మాట యుండును. దానిని నొక్కి చదువువారు అరుదు. స్వయముగా వ్రాసికొనువారు అంతకంటెను అరుదు. పెక్కుమంది మరియొకరి పత్రమును తెచ్చి అతికింతురు. తెలుగులో దీనిని గోప్యతా పత్రమని పిలువవచ్చును. ఈ పత్రమేమి, చిన్న దుకాణమునకు దీనితో పని యేమి, దీనిని ఎట్లు వ్రాసికొనవలెను, మన యిండ్లలోనివారు దీనిలో ఏమి చూడవలెను అను విషయములను ఇచట విచారింతము.

కొల్లాపూరునే ఉదాహరణముగా తీసికొందము. కృష్ణా తీరమునకు చేరువనున్న ఈ పట్టణము ఒకప్పుడు జటప్రోలు సంస్థానమునకు రాజధాని. మహబూబ్‌నగరు జిల్లాలో నుండి 2016లో నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. ఇచ్చటి మామిడికి పేరున్నది. సమీపముననున్న సోమశిలకు యాత్రికులు వచ్చుచుందురు. ఇట్టి ఊరిలో ఒక వెబ్‌సైటు దుకాణ మున్నదనియు, దానికి మూడు పనులు వచ్చినవనియు ఊహింతము. మొదటిది, మామిడి పండ్ల పెట్టెలకు ముందుగా ఆర్డరులు తీసికొను ఒక తోట యజమాని సైటు. రెండవది, యాత్రికులకు గదులు అద్దెకిచ్చు లాడ్జి సైటు. మూడవది, పదవ తరగతి పిల్లలకు పాఠములు చెప్పు ట్యూషను కేంద్రము సైటు. ఈ మూడు పనులకును దుకాణదారునికి లభించు రుసుము స్వల్పమే కావచ్చును. కాని అతని చేతికి వచ్చి చేరు సమాచారము స్వల్పము కాదు.

ఆ సమాచారము మూడు తెరగులు. మొదటిది, పని చేయించుకొను యజమానులది. వారి పేరు, చిరునామా, ఫోను నంబరు, పాన్ కార్డు నకలు, ఇ-మెయిలు పాస్‌వర్డు – ఇవన్నియు వాట్సాప్‌లో వచ్చి దుకాణదారుని ఫోనులోనే నిలిచిపోవును. రెండవది, ఆ యజమానుల వద్దకు వచ్చువారిది. పండ్లు కోరిన గృహిణి యింటి చిరునామా, గది కోరిన దంపతులు ఏయే తేదీలలో ఊరు విడిచి యుందురో ఆ వివరము, ట్యూషనుకు వచ్చు బాలిక పేరు, తరగతి, తల్లి ఫోను నంబరు మొదలగునవి ఇందులోనివి. వీరెవ్వరును ఆ దుకాణమును చూచినవారు కారు. అట్టిది ఒకటి యున్నదనియే యెరుగరు. ఐనను వారు ఫారములో నింపిన ప్రతి వివరమును ఆ దుకాణదారుని పాస్‌వర్డుతో తెరచుకొను సర్వరులో చేరుచున్నది.

మూడవది, ఎవరును వ్రాయకయే వచ్చి చేరు సమాచారము. మనము ఒక సైటును తెరచినంతనే, మన ఫోనునకు గాని కంప్యూటరునకు గాని ఆ సమయమున గల ఇంటర్నెట్టు సంఖ్య, తెరచిన తేదీ, గంట, చూచిన పుట మొదలగునవి సర్వరులోని లాగ్ అను పట్టికలోనికి ఎక్కును. మరల వచ్చినపుడు గుర్తుపట్టుటకై కుకీ అను చిన్న గురుతును సైటు మన యంత్రములో ఉంచవచ్చును. దుకాణదారుడు లాడ్జి దారి చూపుటకు గూగుల్ మ్యాపును, తోట చూపుటకు యూట్యూబ్ వీడియోను పుటలో అతికించినచో, చూచువాని యంత్రము ఆ కంపెనీల సర్వరులను గూడ పలుకరించును. ఎంతమంది చూచిరో లెక్కించుటకు చేర్చిన ఎనలిటిక్స్ ప్రోగ్రామును ఇట్టిదే. దుకాణదారునకు దురుద్దేశ మేమియు లేకపోవచ్చును. ఐనను సమాచారము గడప దాటుచున్నది.

ఇవి చిన్న వివరములే గదా, ఇంత విచారమెందుకని కొందరనవచ్చును. చిన్న వివరములే, ఒకచోట చేరినపుడు పెద్దవగును. లాడ్జి జాబితా దుష్టుని చేతబడినచో ఏ యింటివారు ఎన్ని దినములు ఇంట లేరో తెలియును. ట్యూషను జాబితా బయటపడినచో, ఒక అపరిచితుడు బాలిక పేరును తరగతిని చెప్పి, “మీ అమ్మాయికి దెబ్బ తగిలినది, వెంటనే డబ్బు పంపుడు” అని ఫోను చేయవచ్చును. ఆ తల్లి నమ్ముట సహజము. అన్నియు సరిగా చెప్పుచున్నాడు గదా! మోసగానికి అబద్ధము కంటె నిజమైన వివరమే ఎక్కువ ఉపకరించును.

పరుల సొత్తును మన యింట ఉంచుకొనుట మనకు క్రొత్త గాదు. పూర్వము మన ధర్మశాస్త్రకారులు వ్యవహారములను పదునెనిమిదిగా విభజించినపుడు, అందు నిక్షేపమును ఒకటిగా పరిగణించిరి. నిక్షేపమనగా నమ్మి దాచుట కిచ్చిన సొమ్ము. యాజ్ఞవల్క్య స్మృతిలో ఉపనిధి యను ప్రకరణ మున్నది. లోపల ఏమున్నదో చెప్పక, పెట్టెలో పెట్టి, ముద్రవేసి మరియొకని చేతికిచ్చిన దానికి ఉపనిధియని పేరు. దానిని తీసికొన్నట్లే తిరిగి యీయవలెను. రాజు వలన గాని, దైవవశమున గాని, దొంగల చేత గాని పోయినచో ఉంచుకొన్నవానిపై నేరము లేదు. కాని దానిని తన యిష్టానుసారముగా వాడుకొని లాభము పొందినచో వానికి దండనము, వడ్డీతో చెల్లింపును గలవు. దాచుట కిచ్చిన దానిని దాచుటకే ఉంచుకొనవలెను, వాడుకొనరాదు – ఈ ఒక్క నియమములో నేటి గోప్యతా న్యాయము యొక్క సారము చాలవరకు ఇమిడియున్నది. గృహిణి తన చిరునామాను పండ్ల పెట్టె చేరుటకు ఇచ్చినది. చీరల దుకాణపు ప్రకటనలు చేరుటకు కాదు.

నేటి న్యాయస్థానములు ఈ స్థానమునకు చేరుటకు చాల కాలము పట్టినది. పోలీసులు రాత్రివేళ ఒక వ్యక్తి యింటికి వచ్చి తలుపు తట్టుచుండుటను గూర్చిన ఖరక్‌సింగు కేసులో, 1962 డిసెంబరున సుప్రీంకోర్టు ఆ రాత్రి సందర్శనములను కొట్టివేసెను గాని, గోప్యత మన రాజ్యాంగమున హామీ యొసగబడిన హక్కు కాదని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు పలికిరి. రాజమహేంద్రవరమున జన్మించి, తరువాత 1966లో ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు దానితో ఏకీభవింపలేదు. రాజ్యాంగమున ఆ మాట లేకపోయినను, వ్యక్తి స్వాతంత్ర్యములో గోప్యత అత్యవసరమైన అంశమని ఆయన భిన్నాభిప్రాయమును వ్రాసిరి. అర్ధశతాబ్దికి పైగా గడచిన పిదప, 2017 ఆగస్టు 24వ తేదీన, పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పిరి. ఆ తొమ్మండుగురిలో కృష్ణా జిల్లావారైన జాస్తి చలమేశ్వరుగారును ఒకరు.

ఈ రెంటి నడుమ హైదరాబాదు నుండి వెళ్లిన ఒక కేసు మన విషయమునకు మరింత సన్నిహితమైనది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో స్టాంపుల చట్టమునకు ఒక సవరణ చేసెను. కలెక్టరు అధికార మొసగిన ఏ వ్యక్తియైనను, బ్యాంకు వంటి సంస్థలలోనికి సైతము వెళ్లి, అచట నున్న పత్రములను పరిశీలించుటకు అందువలన వీలు కలిగినది. జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒక పక్షమునను, కెనరా బ్యాంకు రెండవ పక్షమునను నిలిచిన ఆ వ్యాజ్యములో, 2004 నవంబరున సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదనెను. ఒకడు తన పత్రములను నమ్మకముతో బ్యాంకున కిచ్చినంత మాత్రమున వాటిపై తన గోప్యతను వదలుకొన్నట్లు కాదు. గోప్యత స్థలమునకు గాక మనిషికి సంబంధించినది అని ఆ తీర్పు సారాంశము. బ్యాంకునకు చెప్పిన ఈ మాటలో నున్న ధర్మమే వెబ్‌సైటు దుకాణమునకును వర్తించును. సమాచారము చేతులు మారినను దాని యజమాని మారడు.

ఇక శాసనముల సంగతి. సమాచార సాంకేతిక చట్టమున, 2008 సవరణచే చేరిన 43-ఏ సెక్షను, పాస్‌వర్డులు, బ్యాంకు వివరములు, ఆరోగ్య వివరములు వంటి సున్నితమైన సమాచారమును అజాగ్రత్తగా ఉంచి నష్టము కలిగించినవారు పరిహార మీయవలెనని చెప్పెను. అందు ‘సంస్థ’ యను మాటకు ఒక్క మనిషి నడుపు వ్యాపారమును గూడ చేర్చి అర్థము చెప్పబడినది. దాని క్రింద 2011లో వచ్చిన నియమములు గోప్యతా పత్రమును వెబ్‌సైటులో ప్రకటింపవలెనని నిర్దేశించెను. 2023 ఆగస్టున డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. పాత సెక్షనును తొలగింపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. క్రొత్త చట్టమునకు నియమావళి 2025 నవంబరున ప్రకటింపబడినది. అందలి ముఖ్య విధులకు 18 నెలల గడువు నిర్ణయింపబడినది. చిన్న వ్యాపార మైనంత మాత్రమున ఈ చట్టము నుండి మినహాయింపు దానంతట అది రాదు. భద్రత విషయమున లోపమునకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అని చట్టము చెప్పుటచే చిన్నవారు బెదరుట కలదు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. తప్పు ఎంత తీవ్రమైనది, ఎంతకాలము సాగినది, దానిని తగ్గించుటకు ఏమి చేసిరి అను విషయములను చూచియే బోర్డు జరిమానా నిర్ణయింపవలెను.

ఈ చట్టములో ఒక సూక్ష్మమును వెబ్‌సైటు దుకాణములవారు తప్పక గ్రహింపవలెను. సమాచారమును ఎందుకు, ఎట్లు వాడవలెనో నిర్ణయించువానికి చట్టము ‘డేటా ఫిడ్యూషియరీ’ అని పేరు పెట్టినది. నమ్మి అప్పగింపబడినవాడని ఆ మాటకు భావము. అతని తరఫున పనిచేయువాడు ‘డేటా ప్రాసెసర్’. మన ఉదాహరణములో, గది కోరినవారి విషయమున లాడ్జి యజమాని మొదటివాడు, దుకాణదారుడు రెండవవాడు. ప్రాసెసరు వలన జరిగిన పొరపాటునకు సైతము ప్రజలకు జవాబుదారి లాడ్జి యజమానియే. కావున వారిరువురి నడుమ వ్రాతమూలకమైన ఒప్పంద ముండవలెను. కాని తన సొంత ఖాతాదారుల పాన్ కార్డుల విషయమున దుకాణదారుడే ఫిడ్యూషియరీ. అందుచే అతనికి కావలసిన కాగితములు రెండు. తన సైటులో ఉంచుకొను సొంత గోప్యతా పత్రము ఒకటి. ప్రతి ఖాతాదారునితో చేసికొను ఒప్పందము రెండవది. ఖాతాదారుని సైటులో ఉండవలసిన పత్రము వీని నుండి వేరు. దానిని వ్రాయుటకు దుకాణదారుడు సహాయపడవచ్చును గాని, తన పత్రమునే అచట అతికింపరాదు. లాడ్జి సేకరించు వివరములు వేరు, దుకాణము సేకరించు వివరములు వేరు.

పరుల పత్రమును అతికించుటలోని కీడు ఇక్కడనే తెలియును. ఎక్కడనో ఉన్న పెద్ద కంపెనీ పత్రమును తెచ్చి పేరు మార్చినచో, అందు ‘మా సమాచార రక్షణాధికారిని సంప్రదింపుడు’ అని యుండును. ఇక్కడ అట్టి అధికారి లేడు. ‘ముప్పది దినములలో తుడిచివేయుదుము’ అని యుండును. ఇక్కడ మూడేండ్ల బ్యాకప్పులు పెన్‌డ్రైవులో పడియున్నవి. ‘ఇతరులకు ఈయము’ అని యుండును. ఇక్కడ మ్యాపును, ఎనలిటిక్స్‌ను అతికించి యున్నారు. కంప్యూటరు ప్రోగ్రామును అడిగి వ్రాయించుకొన్న పత్రము సంగతియు అంతే. దుకాణములో ఏమున్నదో దానికి తెలియదు. పత్రము లేని దుకాణము మౌనముగా నున్నది. ఎరువు పత్రమున్న దుకాణము వ్రాతమూలకముగా అసత్య మాడుచున్నది. రెండవదియే ఎక్కువ ప్రమాదము. ఏలయన చదివినవాడు దానిని నమ్మును.

మరి సరియైన పత్రమును ఎట్లు వ్రాయవలెను? కలము పట్టుటకు ముందు లెక్క తీయవలెను. ఒక కాగితముపై గీతలు గీసి, ప్రతి వివరమునకును ఆరు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెను. ఏమి తీసికొనుచున్నాము? ఎందుకు? ఎచట ఉంచుచున్నాము? ఎవరు చూడగలరు? ఎవరికి పంపుచున్నాము? ఎప్పుడు తుడిచివేయుదుము? చిన్న దుకాణమునకు ఇది ఒక మధ్యాహ్నపు పని. వేలకొలది ఉద్యోగులున్న కంపెనీకి ఇది దుస్సాధ్యము కావచ్చును. ఇద్దరు మనుష్యులున్న గదికి సుసాధ్యము. ‘ఎందుకు’ అను ప్రశ్నకు జవాబు దొరకని వివరమును తీసికొనుటయే మానవలెను. మామిడిపండ్ల ఆర్డరునకు పుట్టినతేదీ అక్కరలేదు. ఉద్దేశించిన పనికి అవసరమైనంత వరకే సమ్మతి వర్తించునని చట్టమును చెప్పుచున్నది.

లెక్క తీసిన పిదప వ్రాత సులభము. పత్రమున న్యాయవాది భాష అక్కరలేదు. పండ్లు కొనువారి కర్థమైన చాలును. మా అభిప్రాయమున, తోట యజమాని సైటునకు ఇట్టి మాటలు సరిపోవును:

“మీరు ఆర్డరు ఫారంలో రాసే పేరు, చిరునామా, ఫోను నంబరు మీకు పండ్లు చేర్చడానికి, అవసరమైతే మీకు ఫోను చేయడానికి మాత్రమే వాడుతాము. మా మనుషులూ, పెట్టె తెచ్చే కొరియరువారూ, మా సైటు నడిపే దుకాణంవారూ తప్ప మరెవరూ వాటిని చూడరు. లెక్కల కోసం ఉంచవలసిన బిల్లులు తప్ప మిగతా వివరాలు సీజను ముగిసిన మూడు నెలలకు తుడిచివేస్తాము. సర్వరు లాగులు చట్టం చెప్పిన గడువు వరకు ఉంటాయి. మా పుటలో గూగుల్ మ్యాపు ఉంది. దాన్ని తెరిస్తే మీ ఇంటర్నెట్టు సంఖ్య ఆ కంపెనీకి తెలుస్తుంది. మీ వివరాలు చూడాలన్నా, దిద్దాలన్నా, తుడిచివేయాలన్నా, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవాలన్నా ఈ నంబరుకు చెప్పండి. మా జవాబు తృప్తికరంగా లేకపోతే మీరు డేటా రక్షణ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు.”

ఇంతకంటె పొడుగు అవసరమైనచో వ్రాయవచ్చును గాని, ఇందలి ప్రతి వాక్యమును నిజమై యుండవలెను. గడువులను ఆయా సైటు యజమాని తన లెక్కనుబట్టి, చట్టమును చూచుకొని, నిర్ణయించుకొనవలెను. సీజను ముగిసిన పిదప నిజముగా తుడిచివేయనిచో ఆ వాక్యమునకు విలువ లేదు. వ్రాసిన దానికి తగిన నడవడియు దుకాణమున నుండవలెను. పాస్‌వర్డులను గోడమీద అంటించిన కాగితముపై గాని, అందరు చూచు నోటుపుస్తకములో గాని వ్రాయరాదు. ఒక్కొక్క సైటునకు వేరువేరు పాస్‌వర్డు ఉండవలెను. పనివాడు ఉద్యోగము మానిన దినముననే అతని ప్రవేశమును మూసివేయవలెను. ఖాతాదారుడు మరియొక దుకాణమునకు పోయినచో అతని సొత్తును అతనికి అప్పగించి, తన యొద్దనున్న నకళ్లను తుడిచివేయవలెను; బాకీ యున్నదని సైటు తాళపుచెవిని బిగపట్టుట తగదు. సమాచారము బయటపడినచో దాచిపెట్టరాదు. క్రొత్త చట్టము ప్రకారము బోర్డునకును, నష్టపడిన ప్రతి వ్యక్తికిని తెలుపవలెను. వివరమైన నివేదికకు నియమావళి 72 గంటల గడువు నిచ్చినది. ఆ కబురు బోర్డునకు అందవలసినవాడు ఫిడ్యూషియరీ. కావున సర్వరులో తేడా కనబడిన క్షణముననే దుకాణదారుడు సైటు యజమానికి తెలుపవలెనని ఒప్పందములోనే వ్రాసికొనుట మంచిది.

మరి రెండు సందర్భములందు అదనపు జాగ్రత్త కావలెను. పదునెనిమిదేండ్లు నిండనివారిని చట్టము పిల్లలుగా పరిగణించుచున్నది. వారి వివరములకు తల్లి గాని, తండ్రి గాని, సంరక్షకుడు గాని ఇచ్చిన సమ్మతి నిజమైనదని సరిచూచుకొనవలెను. కావున ట్యూషను కేంద్రపు ఫారమును బాలిక గాక తల్లిదండ్రులు నింపునట్లు తయారుచేయుట శ్రేయస్కరము. రెండవది, విదేశములలోని తెలుగువారి సంఘములకును, వ్యాపారములకును ఇచ్చటి యువకులు సైటులు చేసి యిచ్చుట కలదు. ఐరోపాలోని ప్రజలకు సరకులు గాని సేవలు గాని అందించువారు, తాము ఎచట నున్నను, 2018 మే 25 నుండి అమలులో నున్న అచ్చటి సమాచార రక్షణ శాసనమునకు లోబడుదురు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము, తన ప్రజల వివరములు సేకరించు వ్యాపార సైటులలో గోప్యతా పత్రము స్పష్టముగా కనబడవలెనని 2004 నుండియే విధించుచున్నది. పని ఒప్పుకొనుటకు ముందే ఆ సైటును ఏ దేశమువారు వాడుదురో అడుగవలెను.

గృహస్థులు చేయవలసినదియు కొంత కలదు. ఫారమును నింపుటకు ముందు గోప్యతా పత్రమును తెరచి మూడు సంగతులు చూడుడు. నేనిచ్చు వివరము దేనికి వాడుదురు? ఎప్పటికి తుడిచివేయుదురు? ఎవరిని అడుగవలెను? ఈ మూడును లేని పత్రము ఎంత పొడుగైనను ఉపయోగము లేదు. నక్షత్రపు గురుతు లేని గడులను నింపనక్కరలేదని పిల్లలకును చెప్పుడు. మరియొక మాట: సమ్మతి కోరు ప్రకటనను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలో గాని చదువుకొను అవకాశము కల్పింపవలెనని 2023 చట్టము చెప్పుచున్నది. ఆ భాషలలో తెలుగు ఒకటి. కొల్లాపూరు తల్లి తన కుమార్తె పేరు వ్రాయుచున్న ఫారము అడుగున తెలుగు పత్రము నడుగుట అధికప్రసంగము కాదు, ఆమె హక్కు.

ఆ పత్రమును తెలుగులో వ్రాయవలసివచ్చునపుడు ఎరువు మాటలు పనికిరావు. ఇంగ్లీషులోని పది పుటలను అతికించుట సులభము. అమ్మకు అర్థమగు పది తెలుగు వాక్యములను వ్రాయుటకు మాత్రము, తన యొద్ద ఏమున్నదో దుకాణదారునికి నిజముగా తెలిసియుండవలెను. వెబ్‌సైటు దుకాణములు నడుపుచున్న మన యువకులు ఆ పది వాక్యములను ఈ వారముననే కూర్చుండి వ్రాసికొందురుగాక.